దూరం వెళ్లే వైన్‌కే వడపోత

వైన్‌ను వడపోయాలా వద్దా అన్న తగువు రెండు వేల ఏళ్ల నాటిది. క్రీస్తుపూర్వం 30 ప్రాంతంలో రోమన్ కవి హొరేస్ రాసిన ఒక వ్యంగ్య కవితలో భోజనప్రియుడొకడు పాఠం చెబుతాడు. మాస్సికం కొండ వైన్ చిక్కగా ఉంటే రాత్రిపూట ఆరుబయట పెడితే చాలు, తేలికపడుతుందంటాడు. నారగుడ్డలో వడపోస్తే మాత్రం రుచి చెడుతుందట. మడ్డి అడుగుకు దిగాలంటే పావురం గుడ్డు సొన కలపమని కూడా చెబుతాడు. మరో వందేళ్లకు రోమన్ రచయిత ప్లినీ ఇంకో కోణంలో విసుక్కున్నాడు. ఇంకాస్త ఎక్కువ తాగడం కోసం జనం వైన్‌ను గుడ్డసంచిలో పోసి దాని బలాన్ని విరిచేస్తున్నారని ఆయన బాధ.

ఈ తగువులో నాకు రెండు వైపులా చుట్టరికం ఉంది. పుట్టి పెరిగింది నల్గొండ జిల్లాలో, తాటివనం పక్కన. ఉద్యోగం చేసింది కాలిఫోర్నియాలో, తాగునీటిని పరీక్షించే ల్యాబులో. అక్కడ రోజూ నా చేతి పని వడపోతే. 100 మిల్లీలీటర్ల నీటిని 47 మిల్లీమీటర్ల బిళ్లంత తెల్లటి పొర గుండా లాగేవాళ్లం. ఆ పొర చిల్లులు 0.45 మైక్రాన్లు. నీళ్లు దిగిపోతాయి, బ్యాక్టీరియా పైన చిక్కుకుంటుంది. ఆ పొరను పోషకాలున్న పళ్లెంలో పరిచి వెచ్చగా ఉంచితే మర్నాటికి దాని గళ్ల మీద చుక్కలు మొలుస్తాయి. వాటిని లెక్కపెట్టి నీళ్లు మంచివో కావో చెప్పేవాళ్లం. పదవీ విరమణ తర్వాత లోడైలో స్థిరపడి, ఇంటి వెనక షెడ్డులో ఏటా కొంచెం వైన్ చేసుకుంటున్నాను.

కాబట్టి వడపోత ఏం చేయగలదో, ఏం చేయలేదో నాకు పనిలో తెలిసిన విషయం. దాని చరిత్ర చదివిన కొద్దీ మరో నమ్మకం గట్టిపడింది. వడపోతను పెంచి పోషించింది వైన్ రుచి కన్నా వైన్ చేసే ప్రయాణమే. తయారైన చోటే, తయారుచేసినవాళ్లే తాగే వైన్‌కు దాని అవసరం ఎప్పుడూ పెద్దగా రాలేదు.

ఇందుకు మా ఊరి తాటికల్లే మొదటి సాక్ష్యం. గౌడ్ పొద్దున్నే మోకు వేసుకుని చెట్టెక్కి లొట్టి దించేసరికే అందులో ఈస్ట్ పని మొదలై ఉంటుంది. పైన తెల్లటి నురుగు, అందులో చీమలు, ఒకటో రెండో తేనెటీగలు. లొట్టి మూతికి పీచు అడ్డం పెట్టి వంచేవాడు. పురుగులు ఆగిపోతే చాలు, కల్లు ఎప్పటిలాగే తెల్లగా, కలకగా రేకలోకి దిగేది. ఆ తెలుపులో సగం ఈస్టే. దాన్ని తీసేయాలని ఎవరికీ తోచలేదు, తోచవలసిన పనీ లేదు. పొద్దున దించిన కల్లు పొద్దుగూకే లోపల అయిపోవాలి, లేకపోతే పులిసిపోతుంది. చెట్టుకూ తాగేవాడికీ మధ్య దూరం ఒక పొలం గట్టు. అంత చిన్న దూరానికి పీచు సరిపోయింది.

ద్రాక్ష వైన్‌కు ఆయుష్షు ఎక్కువ గనుక దానికి తేరుకునే తీరిక దొరికింది. జార్జియా దేశంలో గడాచ్రిలి గోరా, షులావెరిస్ గోరా అనే తవ్వకాల్లో బయటపడిన మట్టికుండల పెంకుల్లో ద్రాక్ష వైన్ ఆనవాళ్లున్నాయని 2017లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అవి క్రీస్తుపూర్వం 6000 నాటివి. ఆ దేశంలో ఇప్పటికీ క్వెవ్రీ అనే పెద్ద మట్టిబానను మెడ దాకా నేలలో పాతి వైన్ చేస్తారు. బాన అడుగు కోసుగా ఉంటుంది. గింజలు, ఈస్ట్, మడ్డి ఆ కోసులోకి జారి కూర్చుంటాయి. చలికాలం గడిచాక పైనున్న తేటను తోడుకుంటారు. ఇక్కడ వడపోసేవి భూమి ఆకర్షణ, చల్లదనం, ఓపిక. రేణువు ఎంత వేగంగా మునుగుతుందన్నది దాని వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుందని 1851లో భౌతికశాస్త్రవేత్త స్టోక్స్ సూత్రీకరించాడు. రేణువు సైజు సగమైతే దిగే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. గింజ ముక్కలు గంటల్లో దిగితే, ఈస్ట్‌కు వారాలు పడుతుంది. అంతకన్నా చిన్న బ్యాక్టీరియాకు నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు.

అంత ఓపిక లేనివాళ్లు రేణువుల్ని ముద్దకట్టించే దారి వెతికారు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడి గురించిన అధ్యాయం ఈ విషయంలో నన్ను బాగా ఆకట్టుకుంది. ద్రాక్షరసంతో చేసిన మధువు గురించి, అది వచ్చే కాపిశ ప్రాంతం గురించి అందులో ఉంది. ఒక పిడికెడు మూలికల పొడి వేస్తే కుండెడు సుర రాజు తాగేంత తేటగా మారుతుందనీ ఉంది. ఇళ్లలో శుభకార్యాలకు తెల్ల సుర, మందుకోసం అరిష్టం చేసుకోవచ్చని గృహస్థులకు అనుమతీ ఉంది. రాజుగారి పాత్రలోకి వెళ్లేదానికి తేటదనం కావాలి, ఇంటి సురకు అక్కర్లేదు. ఈ తేడా ఆనాడే కుదిరిందన్నమాట.

బోర్డోలో 225 లీటర్ల పీపాకు నాలుగు నుంచి ఆరు కోడిగుడ్ల తెల్లసొన కలిపే పద్ధతి ఇప్పటికీ ఉంది. తెల్లసొనలోని ప్రోటీను వగరు పదార్థాలకు అతుక్కుని, తీగలు తీగలుగా మడ్డిని చుట్టుకుని అడుగుకు దిగుతుంది. మన ఊళ్లలో బురద నీళ్ల కుండ లోపల చిల్లగింజ అరగదీస్తే నీరు తేరుకోవడం లాంటిదే ఇది. రెండింటిలోనూ అడ్డం పెట్టే గుడ్డ లేదు, చిల్లు లేదు. బరువు పెరిగింది కనుక మడ్డి మునుగుతుంది, అంతే.

నిజమైన వడపోత రంగంలోకి దిగింది పంతొమ్మిదో శతాబ్దంలో. 1860లో బ్రిటన్, ఫ్రాన్స్ వ్యాపార ఒప్పందం చేసుకుని సుంకాలు తగ్గించుకున్నాయి. ఫ్రెంచి వైన్ పెద్దఎత్తున ఓడలెక్కింది, ఎక్కినది ఎక్కినట్టు దారిలో చెడిపోవడమూ పెరిగింది. 1863లో చక్రవర్తి మూడో నెపోలియన్ కోరిక మీద లూయీ పాశ్చర్ ఈ జబ్బుల సంగతి తేల్చడానికి పూనుకున్నాడు. సొంత ఊరు ఆర్బువాలో సూక్ష్మదర్శిని కింద వైన్ చుక్కలు పెట్టి, పులుపెక్కిన వైన్‌లో ఒక రకం జీవులు, జిగటబడ్డ వైన్‌లో మరో రకం ఉన్నాయని చూపించాడు. 1866లో పుస్తకం అచ్చు వేశాడు. కాస్సేపు 50, 60 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే అవి చస్తాయన్నాడు. ఆ మాట నిజమో కాదో తేల్చడానికి వేడి చేసిన వైన్‌నూ, చేయని వైన్‌నూ ఫ్రెంచి నౌకాదళం ఓడల మీద సముద్రం తిప్పి మరీ చూశారు. పరీక్ష పెట్టిందే ప్రయాణం.

వేడి తగిలితే లేత వైన్ ఉడికిన వాసన వేస్తుంది. అందుకని చంపకుండా వేరుచేసే దారి వెతికారు. జర్మనీలోని క్రాయిట్స్‌నాఖ్ ఊళ్లో 1887లో మొదలైన జైట్స్ సంస్థ రాతినార, అంటే ఆస్బెస్టాస్, పీచుతో వైన్ ఫిల్టర్లు చేసి అమ్మింది. తర్వాత అదే సంస్థ బ్యాక్టీరియాను సైతం ఆపే దట్టమైన పలకలు తెచ్చింది. ఆ పలకలు వైన్ కొట్లలోకే కాదు, మందుల ల్యాబుల్లోకీ వెళ్లాయి. రాతినార ఊపిరితిత్తులకు ఎంత ప్రమాదమో తేలాక 1970ల నుంచి వాటి వాడకం ఆగిపోయింది. మా తరం ల్యాబుకు వచ్చేసరికి వాటి స్థానంలో సెల్యులోజ్ పొరలున్నాయి.

ఇక మా లోడై సంగతి. ఈ చరిత్ర అంతా మళ్లీ కళ్లకు కట్టిన ఊరు ఇది. సెంట్రల్ వ్యాలీలో, మొకెలమ్ని నది ఒడ్డున ఇసుక నేల. 1907లో టోకే ద్రాక్ష ఉత్సవానికి కట్టిన స్వాగత తోరణం ఇప్పటికీ ఊరి నడిబొడ్డున నిలబడి ఉంది. అదే 1907లో శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం ఒడ్డున కాలిఫోర్నియా వైన్ అసోసియేషన్ వైన్‌హేవెన్ అనే పెద్ద గిడ్డంగి తెరిచింది. అంతకుముందు ఏడాది భూకంపంలో నగరంలోని నిల్వలు భారీగా నాశనం కావడంతో అది కట్టవలసి వచ్చింది. రాష్ట్రం నలుమూలల వైన్ అక్కడికి చేరేది. కలిపి, తేటపరిచి, పీపాల్లో నింపి ఓడల్లో, రైళ్లలో పంపేవారు. అంటే అప్పట్లో దూరం వెళ్లేది వైన్.

1920 జనవరిలో దేశమంతా మద్యనిషేధం అమల్లోకి వచ్చింది. వైన్‌హేవెన్ లాంటివి మూతపడ్డాయి. కానీ నిషేధాన్ని అమలుపరిచే వోల్‌స్టెడ్ చట్టం 29వ సెక్షన్‌లో ఒక సందు మిగిలింది. ఇంటి వాడకం కోసం మత్తెక్కించని పళ్లరసాలు చేసుకోవచ్చని ఉంది. ఇంటి పెద్దకు ఏడాదికి 200 గ్యాలన్ల దాకా అనుమతి దక్కింది. రసం మత్తెక్కిస్తుందో లేదో ఎవరు రుజువు చేయాలన్న చిక్కులో ఇళ్లలో వైన్ నిరాటంకంగా పులిసింది. న్యూయార్క్, షికాగో, మిన్నెసోటా ఇనుప గనుల ఊళ్లు, అన్నిచోట్లా ఇటాలియన్ కుటుంబాలకు ద్రాక్ష కావలసివచ్చింది. దూరం వెళ్లే వస్తువు మారింది. వైన్ ఆగిపోయి ద్రాక్ష రైలెక్కింది.

మిన్నెసోటాలోని వర్జీనియా అనే గనుల ఊరి ఇటాలియన్ క్లబ్బు తన సభ్యులకు ద్రాక్ష కొనుక్కురమ్మని చెజారె మొండావి అనే ఆయన్ని కాలిఫోర్నియాకు పంపింది. ఆయన చూసి చూసి లోడైలోనే స్థిరపడి, ద్రాక్ష ఎగుమతి వ్యాపారం పెట్టాడు. ఆయన కొడుకు రాబర్ట్ చిన్నతనంలో ద్రాక్ష పెట్టెలకు మేకులు కొట్టేవాడు. 1966లో నాపాలో తన పేరున వైనరీ తెరిచిన రాబర్ట్ మొండావి అతనే. పక్క జిల్లా మోడెస్టో నుంచి ఎర్నెస్ట్ గాల్లో షికాగో రైల్వే యార్డులకు వెళ్లి, వాళ్ల నాన్న పంపిన ద్రాక్షను బేరమాడి అమ్మేవాడు. యార్డులో కొనేవాళ్లు పండు తొక్కను గిల్లి చూసేవారు. దళసరి తొక్క, ముదురు రంగు కావాలి. అందుకే లోపలి గుజ్జు కూడా ఎర్రగా ఉండే అలికాంటే బూషే రకానికి అంత గిరాకీ. మంచుగడ్డలు నింపిన రైలుపెట్టెల్లో వారం పైగా ప్రయాణాన్ని తట్టుకునేది. మొదటిసారి పిండిన పిప్పిలో నీళ్లు, చక్కెర పోసి రెండో వైన్ తీసినా రంగు మిగిలేది.

ఆ ఇళ్ల నేలమాళిగల్లో ఫిల్టర్ అన్న వస్తువు లేదు. పళ్లు చితక్కొట్టి, తెరిచిన పీపాలో పులియబెట్టి, పిండి, మూసిన పీపాలోకి మార్చేవారు. నవంబరు 11న సెయింట్ మార్టిన్ పండుగకు కొత్త వైన్ రుచి చూడటం ఇటలీ నుంచి తెచ్చుకున్న ఆచారం. ఆపైన చలికాలమంతా కదపరు. చలి ముగిసే ముందు మడ్డి మీంచి తేటను గొట్టంతో వేరే పీపాలోకి లాగేవారు. అదీ క్షీణ చంద్రుడి రోజుల్లో, మబ్బు లేని పూట. చంద్రుడి మాట నాకు తెలియదు గానీ మబ్బు లేని పూట అన్నదానికి కారణం ఉంది. వాతావరణ పీడనం ఎక్కువగా ఉన్న రోజున వైన్‌లో కరిగిన బొగ్గుపులుసు వాయువు కదలకుండా ఉంటుంది, మడ్డి లేవదు. పీడనం పడిపోయిన రోజున బుడగలు మడ్డిని పైకి తోస్తాయి. మా వీధిలోని పాత ఇటాలియన్ కుటుంబాల పెద్దలు ఇప్పటికీ ఆకాశం చూసిగాని గొట్టం తీయరు. నేనూ అదే అలవాటు చేసుకున్నాను.

ఆ పని చేసేటప్పుడు చూడాలి. గాజుజాడీ వెనక ఒక దీపం పెడతాను. పైన మూడు వంతులు కెంపురంగు తేట, అడుగున రెండు వేళ్ల మందాన ఊదారంగు మెత్తటి మడ్డి. గొట్టం కొసను మడ్డికి పైన ఆపి కింది జాడీలోకి లాగుతుంటే, చివర్లో మడ్డి మీద సన్నటి పొగలాంటి పాయ ఒకటి గొట్టం వైపు వంగుతుంది. అది కనబడిన క్షణం ఆపేయాలి. మిగిలినదాని మీద ఆశ పెట్టుకోకూడదు. 1920ల నేలమాళిగల్లో జరిగింది ఇదే. ఏడాది తిరిగేలోగా పీపా ఖాళీ అయ్యేది, ఆఖరి గ్లాసుల్లో కాస్త మడ్డి వస్తే దాన్ని కిందే వదిలేసేవారు. తాగేవాళ్లు అందరూ ఇంటివాళ్లే, సంజాయిషీ అడిగే కొనుగోలుదారు లేడు.

1933 డిసెంబరు 5న నిషేధం ఎత్తేశారు. వైన్ మళ్లీ దూరం వెళ్లాలి. కానీ పదమూడేళ్ల విరామంలో పెద్దఎత్తున చేసే విద్య మరుగున పడింది. గాల్లో సోదరులు మోడెస్టో గ్రంథాలయం నేలమాళిగలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నిషేధానికి ముందు అచ్చేసిన పాత కరపత్రాలు వెతికి పట్టుకుని, పులియబెట్టడం, తేటపరచడం నేర్చుకున్నారు. ఆ తొలి ఏళ్లలో తొందరపడి మార్కెట్లోకి తెచ్చిన సీసాలు కొన్ని కొట్టు అరల మీదే మళ్లీ పులిసి పగిలాయి. ఇంట్లో మన్నించిన కలకను అంగడి మన్నించలేదు. ఆపై డేవిస్‌లోని విశ్వవిద్యాలయం శాఖ శుభ్రత, గంధకం మోతాదు, వడపోత నేర్పింది. 1954లో మిల్లీపోర్ సంస్థ మొదలై, సన్నటి పొరల ఫిల్టర్లు పరిశ్రమకు చేరాయి. కొంచెం తీపి మిగిలిన వైన్‌ను కూడా వేడి చేయకుండానే సీసాల్లో నింపి ఎంత దూరమైనా పంపగలిగే రోజులొచ్చాయి. ఇది చిన్న విజయం కాదు. నాసిరకం వైన్ తాగవలసిన అవస్థ నుంచి లక్షల మందిని కాపాడింది.

ఆ తర్వాత ఎదురుగాలి వీచింది. 1972లో బర్కిలీ దగ్గర కొట్టు తెరిచిన కెర్మిట్ లించ్ ఫ్రాన్సు పల్లెల్లో నేలమాళిగలో పీపా నుంచి తాగిన వైన్‌కూ, అదే సీసాలో కాలిఫోర్నియా చేరాక ఉన్న వైన్‌కూ పొంతన లేదని గమనించాడు. తనకు పంపేది వడపోయకుండా నింపమని రైతుల్ని బతిమాలాడు. 1988లో వచ్చిన ఆయన పుస్తకం ఈ వాదానికి జెండా అయింది. కానీ ఆయన చేసిన రెండో పనిని జనం అంతగా తలుచుకోరు. వడపోయని వైన్‌ను చల్లటి కంటెయినర్లలో తెప్పించడానికి ఖర్చు పెట్టాడు. అంటే దూరం సమస్యను ఆయన కొట్టిపారేయలేదు, ఫిల్టరు చేసే పనిని చల్లదనానికి అప్పగించాడు.

వడపోస్తే వైన్ ప్రాణం పోతుందనే మాటతో మాత్రం నేను ఏకీభవించను. వాసననిచ్చే అణువు సైజు ఇంచుమించు ఒక నానోమీటరు. 0.45 మైక్రాన్ల చిల్లు అంటే 450 నానోమీటర్లు. ఆ ద్వారంలోంచి వాసనలు ఏ అడ్డూ లేకుండా వెళ్లిపోతాయి. రుచి చెడేది వేరే చోట. పంపు తిప్పినప్పుడు గాలి కలుస్తుంది. పలకల్ని సిట్రిక్ ఆమ్లం కలిపిన నీళ్లతో బాగా కడగకపోతే అట్టముక్క వాసన పడుతుంది. హొరేస్ పాత్ర తిట్టిన నారగుడ్డ కూడా ఇలాగే తన వాసన అంటించి ఉంటుంది.

రెండోవైపు నమ్మకాన్నీ సరిచేయాలి. ఇంట్లో చేసేవాళ్లకు అమ్మే పలకల మీద 0.5 మైక్రాన్లు, స్టెరైల్ అని ఉంటుంది. అది సగటు కొలత. చాలావరకు ఆగుతుంది, అంతా ఆగదు. ల్యాబులో నమ్మకమైన పొరను తడిపి, కింది నుంచి గాలి ఒత్తిడి పెంచుతూ, ఏ ఒత్తిడి దగ్గర మొదటి బుడగ వస్తుందో చూసేవాళ్లం. చెప్పిన ఒత్తిడి కన్నా ముందే బుడగ వస్తే పొర చిరిగినట్టు. ఇంటి పలకకు అలాంటి పరీక్ష లేదు. అది వైన్‌కు మెరుపు ఇస్తుంది, భద్రతకు హామీ ఇవ్వదు. ఈ తేడా తెలియక మెరిసే తీపి వైన్‌ను వేసవిలో గదిలో పేర్చి, బిరడాలు ఎగిరిపోయాక తలపట్టుకునేవాళ్లు చాలామంది.

అందుకే నా లెక్క ఇలా కుదిరింది. పాత తీగల జిన్‌ఫండెల్‌తో చేసే ఎర్ర వైన్‌ను వడపోయను. చక్కెర లీటరుకు 2 గ్రాముల లోపు పడిపోవాలి. మాలిక్ ఆమ్లం లాక్టిక్‌గా మారిపోయిందో లేదో కాగితం మీద చూస్తాను. ఆరేకొద్దీ నీలపచ్చగా మారే కాగితం మీద పసుపు మచ్చలు నిలువునా తేలతాయి. అడుగున టార్టారిక్, పైన లాక్టిక్, మధ్యలో ఉండవలసిన మాలిక్ మచ్చ కనబడకపోతే బ్యాక్టీరియాకు తినడానికి ఇక ఆ వైన్‌లో పెద్దగా ఏమీ మిగల్లేదు. గంధకం మోతాదు సరిచూసి, ఒక చలికాలం, ఒక వేసవి జాడీలో ఉంచి సీసాల్లో నింపుతాను. ఈ ఊళ్లోనే తాగుతాం. సీసా అడుగున కాస్త మడ్డి చేరితే నిలబెట్టి ఉంచి మెల్లగా వంచుకుంటాం.

మస్కట్‌తో చేసే తెల్ల వైన్‌లో కాస్త తీపి ఉంచుతాను, మా తమ్ముడికి అదే ఇష్టం. అది వేసవిలో కారులో లాస్ ఏంజిలెస్ వెళ్లాలి, వాళ్లింట్లో నెలల తరబడి ఉండాలి. దానికి పలకల తర్వాత 0.45 మైక్రాన్ల పొర కూడా పెడతాను. సీసాలు, గొట్టాలు అన్నీ వేడినీళ్లతో శుద్ధిచేస్తాను, ఎందుకంటే పొర దాటిన వైన్ మురికి సీసాలో పడితే చేసిందంతా వృథా. ఇందులో సంప్రదాయానికి ద్రోహం ఏమీ లేదు. ప్రయాణం ఉన్నచోట వడపోత ఉండటమే సంప్రదాయం.

1978లో అమెరికా చట్టం మారి, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, ఒక్కరే ఉంటే 100 గ్యాలన్లు పన్ను లేకుండా చేసుకునే హక్కు ఖాయమైంది. అమ్మకూడదు, అంతే షరతు. మన తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో చేయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం కనుక, ఈ పని ఇక్కడ అమెరికాలో చేసుకునే మనవాళ్లకే నా మాట. ఫిల్టరు కొనేముందు పరికరాల ధరలు చూడొద్దు. ఈ వైన్ ఎవరు తాగుతారు, ఎక్కడ తాగుతారు, ఎన్నాళ్లకు తాగుతారు అని అడగండి. జవాబు మనవాళ్లు, మన ఇల్లు, ఏడాదిలోపు అయితే, వైన్‌లో తీపి మిగలకపోతే, దాన్ని తేరుకోనివ్వండి. జవాబులో దూరమో, తీపో, తెలియని చేతులో ఉంటే మంచి పొర కొని, సరిగ్గా వాడి, మనసారా వడపోయండి. రెండూ వైన్‌ను గౌరవించే పనులే. ప్రమాదమల్లా ఎందుకో తెలియకుండా చేసే వడపోతతోనూ, ఎందుకో తెలియకుండా మానేసే వడపోతతోనూ.